తొవ్వలనే, రాస్తేమేంచ్, ఆన్ ద వే ఓన్లీ

మొన్నామధ్య అఫ్జల్‌గంజ్‌లో చార్మినార్ పోయే షేర్ ఆటో ఎక్కాను. నయాపూల్ మీద బండ్లన్నీ నిలిచిపోయాయి. నా పక్కన కూర్చున్న కుర్రాడికి అయిదు నిమిషాల్లో మూడు ఫోన్లు వచ్చాయి. మొదటిది దోస్తుది. “రాస్తేమేంచ్ హూఁ మియాఁ” అన్నాడు. రెండోది ఇంటి నుంచి. “తొవ్వలనే ఉన్న అమ్మా.” మూడోది ఆఫీసుది కాబోలు, గొంతు సవరించుకుని “ఆన్ ద వే ఓన్లీ సార్” అన్నాడు.

ముగ్గురికీ చెప్పింది ఒకటే మాట. ఉర్దూ వాక్యంలో ‘చ్’, తెలుగులో ‘నే’, ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’. మూడూ మాట చివరికే వచ్చి కూర్చున్నాయి, మూడూ ఒకే పని చేశాయి. బయలుదేరాను, ఇంకెక్కడా ఆగలేదు, వస్తున్నాను అని అవతలి మనిషికి భరోసా ఇచ్చాయి. ఆ మూడో వాక్యం విని ఇంగ్లండు మనిషి మాత్రం తికమక పడతాడు. ‘దారిలో మాత్రమే ఉన్నాను’ అంటే ఏమిటి? ఇంకెక్కడ ఉండాలి?

నేను పాతబస్తీలో ఇంగ్లిష్ పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ని. ఈ చివరి ఓన్లీని ఏళ్ల తరబడి ఎర్ర సిరాతో కొట్టేశాను. ఎందుకు కొట్టేస్తున్నానో పిల్లలకు సరిగ్గా చెప్పలేకపోయాను. ‘ఇంగ్లిష్‌లో అలా అనరు’ అన్నది జవాబు కాదు. ఎందుకనరు, మనమెందుకంటాం, అన్నప్పుడు ఏం చెబుతున్నాం అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికితేనే ఆ సిరాకు విలువ. వాటికోసం పోగుచేసుకున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఆ మాట పుట్టిల్లు చూద్దాం. ఓన్లీ పాత ఇంగ్లిష్‌లో ‘ఆన్‌లిక్’. ‘ఆన్’ అంటే ఒకటి, ‘లిక్’ అంటే వంటిది. ‘ఒకటి వంటిది’ అన్న మాటే అరిగి అరిగి ఓన్లీ అయింది. వన్, అలోన్, లోన్లీ అన్నీ ఈ ఇంటి పిల్లలే. ఒకటి అనే అంకె నుంచి ‘ఇంకేదీ లేదు’ అనే అర్థానికి రావడం మనకూ కొత్త కాదు. ‘ఒక్కడే వచ్చాడు’ అన్నా, ‘ఒక్కగానొక్క కొడుకు’ అన్నా అదే దారి. తెలుగు ఆ దారిలో ఇంకా ముందుకెళ్లింది. ‘ఒకటే వాన’, ‘ఒకటే నవ్వు’ అంటాం. అక్కడ లెక్క లేదు, ఆగకపోవడమే ఉంది. ఇంగ్లిష్ ఓన్లీకి ఆ అర్థం ఎన్నడూ రాలేదు.

ఓన్లీని ఎక్కడ పెట్టాలన్నది ఇంగ్లిష్ వాళ్ల ఇంట్లోనే తేలని తగాదా. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు చిన్న వ్యాకరణం రాస్తూ, ఓన్లీ ఏ మాటకు చెందుతుందో ఆ మాట పక్కనే ఉండాలన్నాడు. బడిపంతుళ్లు ఆ మాట పట్టుకుని రెండు వందల ఏళ్లు పిల్లల్ని దిద్దారు. 1926లో హెచ్. డబ్ల్యు. ఫౌలర్ తన ప్రయోగ నిఘంటువులో ఆ పట్టుదలను తప్పుపట్టాడు. నోటికి సహజంగా వచ్చేచోట పెడితే అర్థం చెడనప్పుడు దాన్ని దిద్దడం దేనికన్నాడు. ఫౌలర్ చెప్పిందే న్యాయమని నా అభిప్రాయం. వాళ్ల నోట ఓన్లీ క్రియకు ముందు వాలిపోతుంది, అసలు ఏ మాటను పట్టుకుందో గొంతులోని ఒత్తు చెబుతుంది. కాగితం మీద ఒత్తు వినపడదు కాబట్టే తగాదా.

తెలుగులో ఆ తగాదాకు తావే లేదు. ‘రహీమే నిన్న మామిడిపండు తిన్నాడు.’ ‘రహీం నిన్ననే మామిడిపండు తిన్నాడు.’ ‘రహీం నిన్న మామిడిపండే తిన్నాడు.’ ఏకారం ఏ మాటను అంటుకుంటే అర్థం ఆ మాటదే. పక్కమాట మీదికి జారదు. గొంతు లేకపోయినా, కాగితం మీదైనా, ఎవరు చదివినా అదే అర్థం. సంప్రదాయ వ్యాకరణం దీన్ని అవధారణార్థకం అంది, అంటే నొక్కి నిర్ధారించేది అని. భద్రిరాజు కృష్ణమూర్తి, జె. పి. ఎల్. గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో, ప్రశ్నకు వచ్చే ‘ఆ’తోనూ సందేహానికి వచ్చే ‘ఓ’తోనూ పాటు ఈ ‘ఏ’ని కూడా మాట చివర అంటుకునే ప్రత్యయాల కిందే వివరించారు.

అసలు కీలకం ఈ ఏకారంలోనే ఉంది. అది రెండు పనులు చేస్తుంది. ‘ఇద్దరే వచ్చారు’ అంటే ముగ్గురు రాలేదని. ‘పదే ఉన్నాయి’ అంటే పదకొండు లేవని. అంకె పక్కన చేరితే ఏకారం హద్దు గీస్తుంది. ‘అక్కడే ఉన్న’, ‘ఇప్పుడే తిన్న’, ‘మా అన్నే చెప్పిండు’ అన్నప్పుడు అది గీత గీయడం లేదు, వేలు పెట్టి చూపిస్తోంది. ఇంకెక్కడో కాదు, సరిగ్గా అక్కడ. ఇంకెవరో కాదు, మా అన్న. మొదటి పని ఇంగ్లిష్ ఓన్లీ చేస్తుంది. రెండో పనికి ఇంగ్లిష్‌లో ఒక మాటంటూ లేదు. గొంతు పెంచుతారు, లేదా వాక్యాన్నే విరిచి ‘చెప్పింది మా అన్న’ అన్న పద్ధతిలో తిప్పి కడతారు, లేదా రైట్ అనో వెరీ అనో ఇంకో మాట తెచ్చుకుంటారు.

ఇప్పుడు మూడో తరగతి పిల్లను ఊహించండి. పుస్తకంలో ‘ఓన్లీ టూ’ అంటే ‘ఇద్దరే’ అని ఉంది. ‘ఓన్లీ టెన్ రుపీస్’ అంటే ‘పది రూపాయలే’. పిల్లకు తెలివుంది, లెక్క కట్టుకుంది. ‘ఏ’ ఉన్నచోట ఓన్లీ పెట్టాలన్నమాట. మరునాడు ‘అక్కడే ఉంది’ అనాల్సి వచ్చి ‘దేర్ ఓన్లీ’ అంది. అందులో ఏ తప్పూ లేదు. తనకిచ్చిన రెండు ఉదాహరణల నుంచి సూత్రం తీసింది. అంకెకు పనికొచ్చిన సూత్రం చోటుకు పనికిరాదని ఎవరూ చెప్పలేదు. మాటల అర్థాల పట్టికలో ‘ఓన్లీ: మాత్రమే’ అని రాసి వదిలేసిన మనమే ఆ దారి వేసిచ్చాం.

ఇది తెలుగు పిల్లలకే పరిమితమైన సంగతీ కాదు. తమిళుడు ‘తాన్’ అంటాడు, హిందీలో ‘హీ’ ఉంది, మరాఠీలో ‘చ’ ఉంది, కన్నడానికి మన ‘ఏ’నే ఉంది. అన్నీ మాట వెనక అంటుకునేవే, అన్నీ హద్దూ గీస్తాయి, వేలూ చూపిస్తాయి. ద్రావిడమనీ ఆర్యమనీ వేరువేరు కుటుంబాలైనా ఇరుగుపొరుగున వందల ఏళ్లు కాపురం చేసి ఒకదాని నడక ఇంకోదానికి వచ్చిన సంగతిని మరే బి. ఎమెనో 1956లోనే భారతదేశం ఒక భాషామండలం అనే పేరుతో చర్చకు పెట్టాడు. ఇన్ని భాషల పిల్లలు ఒకే ఇంగ్లిష్ మాటను ఒకేలా వాడటంలో వింత లేదు.

ఆ ఇంగ్లిష్‌ను తప్పుల పట్టికగా చూసే కాలం చాలా ఏళ్లు నడిచింది. భారతీయులు ఇంగ్లిష్ రాయడంలో చేసే పలుకుబడి దోషాల మీద జి. సి. విట్‌వర్త్ 1907లోనే ఏకంగా పుస్తకం వేశాడు. చూపు మారింది చాలా తర్వాత. 2000లో రాకేశ్ భట్, భారతీయ ఇంగ్లిష్‌లోని ఈ చివరి ఓన్లీ హద్దు గీసేది కాదనీ, వినేవాడి ముందు కొత్త సంగతిని నిలబెట్టి చూపించే గుర్తు అనీ, దానికి తనదైన కట్టుబాటు ఉందనీ వాదించారు. 2007లో క్లౌడియా లాంగె అనే జర్మన్ పండితురాలు భారతీయ ఇంగ్లిష్ మాటల కోశాన్ని గాలించి ఓన్లీనీ, దాని తోబుట్టువు ‘ఇట్‌సెల్ఫ్’నీ కలిపి పరిశీలించింది. దేశదేశాల ఇంగ్లిష్‌ను పదేసి లక్షల మాటల చొప్పున పోగుచేసిన అంతర్జాతీయ కోశంలో మన దేశానిదీ ఒక భాగం. అందులో మాట్లాడినవాళ్లు చదువుకున్నవాళ్లే. బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా ఈ ఓన్లీ వినిపిస్తోందంటే అది ఇంగ్లిష్ రాకపోవడం వల్ల దొర్లింది కాదు.

ఇట్‌సెల్ఫ్ సంగతి కూడా ఒక మాట. ‘టుడే ఇట్‌సెల్ఫ్’, ‘మార్నింగ్ ఇట్‌సెల్ఫ్’ అంటే ఇవాళే, పొద్దున్నే. నా చెవికి తోచినంతలో, మనవాళ్లు కాలానికి ఎక్కువగా ఇట్‌సెల్ఫ్ కడతారు, చోటుకూ మనిషికీ ఓన్లీ కడతారు. ఈ వాటా ఎవరూ నేర్పింది కాదు. ‘సింప్లీ’ కూడా ఈ సంసారంలోదే. ‘సింప్లీ కేమ్’ అంటే ఉత్తగనే వచ్చిన, ఐసేచ్ ఆయా.

ఆ ఐసేచ్ దగ్గర ఆగాలి. హైదరాబాద్ ఓన్లీకి ఇంకో అండ దఖ్ఖనీలో, అంటే ఈ ఊరి ఉర్దూ యాసలో ఉంది. లక్నో మనిషి ‘మైఁ హీ’ అంటాడు, శాలిబండ మనిషి ‘మైఁచ్’ అంటాడు. ఈ ‘చ్’ ఉర్దూది కాదు, మరాఠీది. మరాఠీవాళ్ల ‘మీచ’, ‘ఇథేచ’ల నుంచి వచ్చింది. ‘వద్దు’ అనే ‘నక్కో’ కూడా అక్కణ్నుంచి వచ్చిందే. 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు కదిలించినప్పుడు ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు కాపురం పెట్టింది మరాఠీ నేల మీద. ఇరవై ఏళ్లకు, 1347లో, బహమనీ రాజ్యం లేచింది. తర్వాత గోల్కొండ, 1591లో ఈ నగరం. మరాఠీ నేల మీద ‘చ్’ని అంటించుకున్న భాష తెలుగు నేల మీదికి వచ్చి మన వాక్యం నడకను పట్టుకుంది. ‘వస్తానని చెప్పిండు’లోని ‘అని’కి దఖ్ఖనీవాళ్లు ‘బోల్కే’ వేసుకున్నారు: ‘ఆతుఁ బోల్కే బోలా.’ ఈ కట్టు తెలుగులో ఉన్నదే.

‘చ్’ ఎంత చొరవ గలదంటే, ‘హీ’ ముందే ఉన్న మాట మీద కూడా ఎక్కి కూర్చుంటుంది. ‘యహాఁ’కు ‘హీ’ కలిస్తే ‘యహీఁ’. దాని మీద మళ్లీ ‘చ్’ వేసి ‘యహీంచ్’ అంటారు. ‘అభీ’లో ‘హీ’ ఉంది, అయినా ‘అభీచ్’. నొక్కు మీద నొక్కు.

మూడు భాషలూ ఒకే అచ్చులో ఎంతగా ఒదిగాయో చూడాలంటే కాదన్న వాక్యాలు వినాలి. చెప్పిన మాట వినని తమ్ముడి గురించి అక్క ఫిర్యాదు చేస్తుంది. గౌలిపురలో అయితే “వింటనే లేడు.” పత్తర్‌గట్టీలో అయితే “సున్‌తాచ్ నై.” బళ్లో టీచరు ముందు అయితే “నాట్ లిజనింగ్ ఓన్లీ మిస్.” ఇంగ్లిష్‌లో ఇక్కడ ‘ఎట్ ఆల్’ రావాలి. ఓన్లీకి మామూలుగా ఆ అర్థం లేదు. కానీ ఏకారానికి ఉంది, చకారానికి ఉంది. ఆ పిల్ల వాటి పనిని ఓన్లీ చేత చేయించింది.

ఓన్లీ మాట వెనక చేరడానికి ఇంకో కారణం ఉందని నాకనిపిస్తుంది, ఇది నా ఊహే. సామాన్యుడికి ఇంగ్లిష్ మొదట పరిచయమైంది కచేరీ కాగితం మీద. ఆ కాగితాల్లో ఓన్లీ ఎప్పుడూ చివరనే ఉంటుంది. లేడీస్ ఓన్లీ, ఆఫీసు వాడకానికి ఓన్లీ, ఫలానా రూపాయలు ఓన్లీ. ఇంగ్లిష్ వాడి మాటల్లో ముందుండే ఓన్లీ, అతని బోర్డుల్లో, రసీదుల్లో వెనక ఉంది. మన కళ్లకు రోజూ కనిపించింది ఆ రెండోదే. అది మన ఏకారం కూర్చునే చోటే కావడంతో ఇట్టే కుదిరిపోయింది.

చెక్కు మీద ‘రూపాయలు అయిదు వేలు మాత్రమే’ అని ఎందుకు రాస్తారో చాలామందికి అలవాటుగానే తెలుసు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 18వ సెక్షన్ ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో రాసిందే చెల్లుతుంది. కాబట్టి అక్షరాల తోక తెరిచి ఉంచకూడదు. ‘అయిదు వేల’ తర్వాత ఎవరైనా ‘అయిదు వందలు’ అని ఇరికించకుండా ‘మాత్రమే’ అడ్డం పడుతుంది. చట్టం ఆ మాట రాయమని అడగలేదు. జాగ్రత్తే ఆచారమైంది. మన పాత పత్రాల్లో ‘అక్షరాలా’ అని మొదలుపెట్టేది కూడా ఈ జాగ్రత్తకే.

ఉర్దూ దస్తావేజులది ఇంకా గట్టి పద్ధతి. ‘మబ్లగ్ (మొత్తం) వెయ్యి రూపాయలు, వాటిలో సగం అయిదు వందలవుతాయి’ అని రాస్తారు. సగానికి ‘నిస్ఫ్’ అని మాట. మొత్తాన్ని దిద్దాలనుకున్నవాడు సగాన్ని కూడా దిద్దాలి, రెండూ సరిపోవాలి. ఓన్లీ అనే మాట అవసరం లేకుండా లెక్కతోనే తాళం వేయడం అది. ఛత్తాబజార్‌లో పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సులో కూర్చున్నప్పుడు ఒక మసీదు కమిటీ చందా రసీదు ప్రూఫు చూశాను. కుడి నుంచి ఎడమకు ‘మబ్లగ్’ అని, తర్వాత ఖాళీ గీత, గీత చివర ‘ఫఖత్’. పక్కనే అదే కమిటీకి తెలుగు ఇంగ్లిష్ రసీదు. అందులో గీత తర్వాత ‘మాత్రమే’, కింద ‘ఓన్లీ’. కంపోజింగ్ చేసే పెద్దాయన అద్దాలు పైకి తోసి, “తీనోఁ ఏకీచ్ కామ్ కర్తే సాబ్, దర్వాజా బంద్ కర్తే” అన్నాడు. మూడింటి పనీ ఒకటే, తలుపు వేయడం. ఆయన వాక్యంలోనూ ఒక ‘చ్’ ఉంది, నేను ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.

ఫఖత్ అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చిన మాట. అర్థం ‘అంతే’. ఉర్దూ ఉత్తరాలు ముగించేటప్పుడు కూడా చివర ఫఖత్ అని రాసేవాళ్లు, చెప్పాల్సింది అయిపోయిందని. మనం ‘ఇంతే సంగతులు’ అని రాసినట్టు. హైదరాబాదీ నోట ‘ఖ’ అయిపోయిన ఆ అక్షరం అసలు ‘కాఫ్’. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి శాస్త్రగ్రంథాలెన్నో ఉర్దూలోకి దింపినప్పుడు అనువాదకుల ముందు ఓన్లీకి ‘సిర్ఫ్’, ‘ఫఖత్’, ‘మహజ్’, ‘హీ’ ఇన్ని ఉన్నాయి. ఎక్కడ ఏది అన్నది చెవి తేల్చాల్సిందే. అంత పెద్ద పని మన ఊళ్లో జరిగింది, ఆ అనుభవాన్ని బడిపిల్లల ఇంగ్లిష్ పుస్తకాల్లోకి తెచ్చుకోలేకపోయాం.

ఓన్లీని వెనకేసుకొచ్చాను కదా అని అది ఎక్కడైనా చెల్లుతుందని అనను. నష్టం జరిగే చోట్లున్నాయి. నాకు తెలిసిన అమ్మాయి ఒక ఆఫీసులో చేరిన కొత్తల్లో, ఒక పని మొత్తం రాత్రంతా కూర్చుని తానే పూర్తిచేసి, విదేశంలో ఉన్న పైఅధికారికి పంపింది. ఎవరు చేశారని ఆయన అడిగితే “ఐ ఓన్లీ సెంట్ ద మెయిల్” అని రాసింది. ఆమె మనసులో ఉన్నది ‘నేనే పంపాను’. ఆయన చదువుకున్నది ‘నేను పంపడం మాత్రమే చేశాను’. చేసిన పనంతా ఇంకొకరి ఖాతాలోకి పోయింది. వ్యాకరణం రీత్యా ఆ వాక్యం ఎవరూ తప్పుపట్టలేనిది. అందుకే ప్రమాదం. ‘దేర్ ఓన్లీ’ అంటే బయటివాడు కాస్త తడబడినా అర్థం చేసుకుంటాడు. ఓన్లీ క్రియ ముందుకు వచ్చిందంటే తడబడడు, నిశ్చింతగా ఇంకోటి అర్థం చేసుకుంటాడు. “వి ఆర్ ఓపెన్ ఆన్ సండే ఓన్లీ” అన్నదీ ఇంతే. ‘ఆదివారం కూడా తెరిచే ఉంటుంది, ఆదివారమే రండి’ అని మనం. ‘మిగతా ఆరు రోజులూ మూత’ అని వాళ్లు.

నేను దిద్దేది ఇప్పుడు ఈ జాతి వాక్యాలనే. వేలు చూపే ఓన్లీ ఇంట్లో, ఆటోలో, దోస్తుల మధ్య ఉండనీ. అది ఈ ఊరి ఇంగ్లిష్. ఊరు దాటే కాగితం మీద మాత్రం ‘నేనే’ అన్నది ‘ఐ మైసెల్ఫ్’ కావాలి, ‘ఇట్ వాజ్ మీ’ కావాలి, ‘అక్కడే’ అన్నది ‘రైట్ దేర్’ కావాలి. ఊరికే ‘ఓన్లీ వాడకండి’ అంటే పిల్లలకు చేతిలో ఏమీ మిగలదు. ఏకారం తీసేసి బదులు ఇంకేదీ ఇవ్వకపోవడం అన్యాయం. ఇంగ్లిష్ నేర్పే పంతుళ్లకు పాఠం చెప్పడానికి 1958లోనే ఒక కేంద్ర సంస్థ పెట్టుకున్న నగరం ఇది, నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అదే. అంత దగ్గర్లో అంత విద్య ఉండి కూడా మన బళ్లలో పట్టిక ఇంకా ‘ఓన్లీ: మాత్రమే’ దగ్గరే ఆగింది.

ఆ పట్టిక వల్ల రెండో నష్టం తెలుగుకు జరిగింది. నాకు ఎక్కువ బాధ ఇదే. ఓన్లీ కనిపించిన చోటల్లా మాత్రమే దింపడం పత్రికల్లో, ప్రకటనల్లో, ప్రభుత్వ కాగితాల్లో అలవాటైంది. ‘కేవలం పది రూపాయలు మాత్రమే’ అని రాస్తున్నాం. కేవలం ఒక తాళం, మాత్రం రెండో తాళం, దాని మీద ఏకారం మూడోది. ‘పది రూపాయలే’ అంటే సరిపోయేది. యహీంచ్‌లో నొక్కు మీద నొక్కు ఉందన్నాను, కానీ అది నోటి ఉత్సాహం. ఇది కలం బద్ధకం.

మాత్రమే చెడ్డ మాట కాదు. మందు సీసా మీద ‘బయటి పూతకు మాత్రమే’ అన్నచోట అది ఉండాలి. మాత్ర అంటే కొలత. ఆ కొలతకే, అంతకు మించి కాదు అన్న చట్టం గొంతు దానిది. దాని తమ్ముడు ‘మాత్రం’ చూడండి, ఏకారం లేకపోయేసరికి నడకే వేరు. ‘మీరు పోండి, నేను మాత్రం రాను.’ ఇందులో ఓన్లీ లేనే లేదు. మీ సంగతి మీది, నా సంగతి నాది అని పక్కకు జరిగి నిలబడటం ఉంది. ఇదే వాక్యాన్ని ‘ఐ ఓన్లీ విల్ నాట్ కమ్’ అని రాసిన జవాబు పత్రాలు ఎన్నో దిద్దాను.

ఇంగ్లిష్ ఓన్లీ చేసే పనులకు తెలుగులో ఎన్ని దారులున్నాయో పిల్లల చేత వెతికించడం మొదలుపెట్టాక నా పాఠం మారింది. ‘చేతిలో పది రూపాయలు తప్ప లేవు.’ లేదన్న మాటతో ఉన్నదాన్ని చెప్పే ఒడుపు అది. ‘పదింటికి గానీ రాడు.’ ఓన్లీ ఎట్ టెన్ అన్నదానికి ఇంతకంటే తెలుగైన వాక్యం నాకు తెలియదు. ఎదురుచూసే మనిషి విసుగు కూడా అందులో ఉంది. ‘పడ్డాక గానీ తెలియలేదు’ అన్నది ఓన్లీ ఆఫ్టర్‌తో మొదలై క్రియను తలకిందులు చేసే ఇంగ్లిష్ వాక్యానికి సరిజోడు. ‘నువ్వొస్తేనే నేనొస్తా’లో ఓన్లీ ఇఫ్ మొత్తం ఆ చిన్న ‘తేనే’లో ఇమిడింది. ‘ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడు’లో మాటను రెట్టించి ఓన్లీ జస్ట్ సాధించాం. ‘మా నాయన ఉండి ఉంటేనా!’ అన్న నిట్టూర్పుకు వాళ్లు ఇఫ్ ఓన్లీ అంటారు. ‘వద్దామనే ఉంది గానీ ఒంట్లో బాగాలేదు’లో ఆ ‘గానీ’ చేసే పనికి కూడా ఇంగ్లిష్‌వాడు ఒక్కోసారి ఓన్లీనే వాడతాడు. ఇన్ని దారులుండగా మాత్రమే ఒక్కదాని మీదే నడిస్తే మిగతావి గడ్డి మొలిచి మూసుకుపోతాయి.

మొన్న తరగతిలో ఒక వాక్యం ఇచ్చాను. ‘షి ర్యాన్ టు ద బస్ స్టాప్, ఓన్లీ టు సీ ద బస్ లీవ్.’ తెలుగులో చెప్పమన్నాను. ముందు బెంచీ పిల్లవాడు లేచి, బస్సు వెళ్లడం చూడటానికి మాత్రమే ఆమె బస్టాపుకు పరుగెత్తింది అన్నాడు. తరగతి నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో తేడా ఉందని అందరికీ తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. బస్సు పోతుంటే చూద్దామని ఎవరు పరుగెత్తుతారు అని అడిగాను.

చివరి బెంచీలో లాల్‌దర్వాజ నుంచి వచ్చే అమ్మాయి నిలబడింది. “ఉరికింది సార్, తీరా పోయేసరికి బస్సు పాయె.”

తీరా. బోర్డు మీద పెద్దగా రాశాను. ఆశపడి, పరుగుపెట్టి, చేరీ చేరకముందే చేజారడమంతా ఆ రెండక్షరాల్లో ఉంది. పక్కనే కూర్చున్న ఆమె స్నేహితురాలు కూర్చునే, మెల్లగా, తన ఇంటి మాటలో అంది: “దౌడ్కే గయీ, జాకే దేఖేతో బస్ చలీ గయీ.” ‘పోయి చూస్తే’ అన్నది అక్షరం పొల్లుపోకుండా దఖ్ఖనీలో. ఆమెను కూడా లేచి గట్టిగా చెప్పమన్నాను. ఇంగ్లిష్ వాక్యం కింద తెలుగుదీ, తెలుగు కింద దఖ్ఖనీదీ తెలుగు లిపిలో రాయించాను. మొదట లేచిన పిల్లవాడు తన నోటుపుస్తకంలో ‘మాత్రమే’ కొట్టేసి ‘తీరా’ రాసుకున్నాడు. గంట కొట్టేదాకా ఆ మూడు వాక్యాలనే చదివాం.